ఇంటర్ సూత్రాల నుంచి కలన గణితంలోకి: చెన్నైలో మొదటి సెమిస్టర్ చదివే తెలుగు విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

తెలుగు రాష్ట్రాల నుంచి ఇంటర్మీడియట్ ముగించుకొని ఇంజనీరింగుకో బీఎస్సీకో చెన్నై చేరే విద్యార్థులకు కలన గణితం పేరు కొత్త కాదు. వన్ బీ, టూ బీ పుస్తకాలు చదివి వచ్చినవారు అవధులు, అవకలనం మొదటి ఏడాదిలోనూ, సమాకలనం రెండో ఏడాదిలోనూ చూసే ఉంటారు. ఎంసెట్‌లో (ఇప్పటి పేరు ఈఏపీసెట్) మూడు గంటల్లో 160 ప్రశ్నలు, వాటిలో 80 గణితానివే. అంటే ఒక్కో ప్రశ్నకు నిమిషం పైన కొన్ని సెకన్లే దక్కుతాయి. ఆ సాధనతో చేతికి గొప్ప వేగం వస్తుంది. అయితే విశ్వవిద్యాలయంలో కలన గణితం అడిగేది వేగాన్ని కాదు, కారణాన్ని. నా మొదటి ఇంటర్నల్ పరీక్షలో దాదాపు ప్రతి ప్రశ్నకూ చివరి సంఖ్య సరిగ్గానే వచ్చింది, మార్కులు మాత్రం సగమే వచ్చాయి. ఆ సంఖ్యకు ఎలా చేరానో, వాడిన నియమం ఏ షరతు మీద చెల్లుతుందో నేను ఎక్కడా రాయలేదు. అప్పటి నుంచి ఈ విషయాన్ని మొదటి నుంచి ఎలా మళ్లీ నేర్చుకున్నానో, తరవాత హాస్టల్‌లో జూనియర్లకు ఏ వరుసలో చెప్పానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఈ వరుస అంతటికీ ఒకే ఉదాహరణ తోడుగా ఉంటుంది. చెన్నైలో పత్రిక తెరిస్తే వానాకాలంలోనూ ఎండాకాలంలోనూ కనిపించే వార్త పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాల నీటిమట్టం. అందులో రెండు రకాల అంకెలు ఉంటాయి: లోపలికి వచ్చే ప్రవాహం క్యూసెక్కులలో, నిల్వ టీఎంసీలలో లేదా మిలియన్ ఘనపుటడుగులలో. 1983 నాటి తెలుగుగంగ ఒప్పందం వల్ల కండలేరు నుంచి పూండికి వచ్చే కృష్ణా నీటిని కూడా ఈ రెండు కొలతలతోనే లెక్కిస్తారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే అది రేటు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే అది పోగైన మొత్తం. మొత్తం తెలిసినప్పుడు రేటు కనుక్కోవడం అవకలనం, రేటు తెలిసినప్పుడు మొత్తం కనుక్కోవడం సమాకలనం. ఈ రెండు వాక్యాలు చదవగానే అర్థమైనట్టు అనిపిస్తాయి. వాటిని లెక్కగా మార్చి, ప్రతి అడుగుకూ కారణం చెప్పగలగడానికి మాత్రం ఒక సెమిస్టర్ పడుతుంది.

మొదటి మెట్టు: బీజగణితం, త్రికోణమితి, గ్రాఫులు

సెమిస్టర్ మొదలైన మొదటి రెండు వారాలు దీనికి కేటాయించండి. కలన గణితంలో పోయే మార్కులలో పెద్ద భాగం నిజానికి బీజగణితంలో పోతుంది. రెండు సంఖ్యల మొత్తానికి వర్గమూలం అంటే ఆ రెండింటి వర్గమూలాల మొత్తం అనుకోవడం, మొత్తం మీది లాగరిథమ్‌ను రెండు లాగరిథమ్‌లుగా విడదీయడం, హారంలోని మొత్తాన్ని ముక్కలుగా కత్తిరించడం, ఈ మూడు పొరపాట్లు చేయని విద్యార్థిని నేను అరుదుగా చూశాను. అనుమానం వచ్చిన చోట సంఖ్యలు పెట్టి చూడండి: 9, 16ల మొత్తం 25, దాని వర్గమూలం 5, విడివిడిగా తీస్తే 3, 4 కలిపి 7. ఒక్క పరీక్షతో తప్పు బయటపడుతుంది.

వీటితో పాటు పది పన్నెండు ప్రమేయాల గ్రాఫులు పుస్తకం చూడకుండా గీయగలగాలి: ఎక్స్ వర్గం, ఘనం, వర్గమూలం, ఒకటి బై ఎక్స్, మాడ్యులస్, సైన్, కొసైన్, టాన్, ఘాతీయ ప్రమేయం, లాగరిథమ్. గ్రాఫు గీసినప్పుడు దాని ప్రదేశం (డొమైన్) ఏమిటో, ఎక్కడ తెగిందో, ఎక్కడ కోసుగా తిరిగిందో పక్కన ఒక వాక్యం రాసిపెట్టుకోండి. ఈ వాక్యాలే తరవాత అవిచ్ఛిన్నత, అవకలనీయత అనే పేర్లతో పాఠంలోకి వస్తాయి.

రెండో మెట్టు: అవధి

ఇక్కడ తొందర పడకూడదు. లైబ్నిజ్ అవకలన పద్ధతిని 1684లో అచ్చులో వెలువరించారు. అవధిని ఆధారంగా చేసుకొని కోషీ ఈ శాస్త్రానికి పునాది పేర్చిన పాఠ్యగ్రంథం వచ్చింది 1821లో. ఈ రోజు మనం ఎప్సిలాన్, డెల్టా అని నేర్చుకొనే కచ్చితమైన రూపం వైర్‌స్ట్రాస్ చేతిలో ఇంకా తరవాత స్థిరపడింది. మహామహులకే ఒకటిన్నర శతాబ్దం పట్టిన భావం మనకు రెండు వారాల్లో బోధపడలేదంటే అందులో బెంగ పెట్టుకోవలసింది ఏమీ లేదు.

ముందుగా పట్టిక వేసే అలవాటు చేసుకోండి. ఎక్స్ వర్గం నుంచి 9 తీసివేసి, ఎక్స్ మైనస్ 3తో భాగించిన ప్రమేయాన్ని తీసుకుంటే, ఎక్స్ 3 అయినప్పుడు దానికి విలువే లేదు. కానీ ఎక్స్ 3.1 అయితే 6.1, 3.01 అయితే 6.01, 2.99 అయితే 5.99. అవధి 6. ఆ బిందువు దగ్గర ప్రమేయం విలువ ఏమిటన్నది, అసలు ఉన్నదా లేదా అన్నది, అవధికి సంబంధం లేని విషయం. ఈ ఒక్క మాట నాటుకుంటే అవిచ్ఛిన్నత నిర్వచనం దానంతట అదే వస్తుంది: అవధి ఉండాలి, విలువ ఉండాలి, రెండూ ఒకటే కావాలి.

తరవాత ఎప్సిలాన్, డెల్టా. దీన్ని ఇద్దరు వ్యక్తుల మధ్య సవాలుగా చదివితే సులువుగా పట్టుబడుతుంది. ఒకరు తేడా ఇంతకు మించకూడదని ఎప్సిలాన్ ఇస్తారు. రెండోవారు అయితే ఎక్స్‌ను ఇంత దగ్గరగా ఉంచితే చాలు అని డెల్టా చూపించాలి. ఎంత చిన్న ఎప్సిలాన్ ఇచ్చినా జవాబు దొరకాలి. మూడు ఎక్స్ ప్లస్ ఒకటి, ఎక్స్ 2 దగ్గరికి వచ్చినప్పుడు 7కు చేరుతుందని చూపడానికి, ఎప్సిలాన్ 0.03 అయితే డెల్టా 0.01 చాలు, సాధారణంగా ఎప్సిలాన్‌లో మూడో వంతు. విద్యార్థులు ఆగిపోయేది ఎక్స్ వర్గం దగ్గర. ఎక్స్ 3ను సమీపిస్తే వర్గం 9ని సమీపిస్తుందని నిరూపించేటప్పుడు, తేడాను ఎక్స్ మైనస్ 3, ఎక్స్ ప్లస్ 3 అనే రెండు కారణాంకాలుగా విడదీయాలి. మొదటిది మన చేతిలో ఉంది, రెండోది మారుతూ ఉంటుంది. దాన్ని అదుపులో పెట్టడానికి ముందే ఒక షరతు పెట్టుకుంటాం: ఎక్స్ ఎప్పుడూ 3కి ఒక యూనిట్ లోపలే ఉంటుంది. అప్పుడు ఎక్స్ ప్లస్ 3 ఎన్నడూ 7కు చేరదు. కాబట్టి 1, ఎప్సిలాన్‌లో ఏడో వంతు, ఈ రెండింటిలో చిన్నదాన్ని డెల్టాగా తీసుకుంటే పని పూర్తవుతుంది. ఈ నిరూపణను పుస్తకం మూసి నాలుగైదుసార్లు రాయండి, తరవాత 3 బదులు 5 పెట్టి రాయండి, ఆపైన ఒకటి బై ఎక్స్‌కు ప్రయత్నించండి.

ఇంటర్‌లో అలవాటైన లోపితాల్ నియమం గురించి ఒక హెచ్చరిక చేయాలి. సైన్ ఎక్స్ బై ఎక్స్ అవధి 1 అని చూపడానికి లవహారాలను అవకలనం చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ సైన్ అవకలజం కొసైన్ అని నిరూపించడానికే ఈ అవధి కావాలి. అంటే నిరూపించవలసినదాన్ని ముందే వాడుకుంటున్నాం. అందుకే దీనికి త్రిజ్యాంతరం (సెక్టర్), త్రిభుజాల వైశాల్యాలను పోల్చే జ్యామితీయ నిరూపణ నేర్చుకోవాలి. కోణం రేడియన్లలో ఉండాలన్న సంగతి కూడా ఇక్కడే తేలుతుంది: డిగ్రీలలో కొలిస్తే అదే అవధి 1 కాదు, సుమారు 0.01745 అవుతుంది. కాలిక్యులేటర్ డిగ్రీ మోడ్‌లో ఉండిపోయి పట్టిక తప్పు వచ్చినప్పుడు ఈ సంఖ్య కనిపిస్తుంది.

మూడో మెట్టు: అవకలజం

సూత్రాల పట్టిక మీకు కంఠస్థమే కావచ్చు. అయినా ఒక వారం పాటు దాన్ని పక్కన పెట్టండి. ఎక్స్ వర్గం, ఘనం, ఒకటి బై ఎక్స్, వర్గమూలం, సైన్, ఈ అయిదింటి అవకలజాలను నిర్వచనం నుంచే రాబట్టండి. చిన్న మార్పు హెచ్ తీసుకొని, విలువల తేడాను హెచ్‌తో భాగించి, హెచ్‌ను సున్నా వైపు పంపడమే ఆ నిర్వచనం. ఎక్స్ వర్గం విషయంలో లవంలో రెండు ఎక్స్ హెచ్ ప్లస్ హెచ్ వర్గం మిగులుతుంది. హెచ్‌తో భాగిస్తే రెండు ఎక్స్ ప్లస్ హెచ్. భాగించేటప్పుడు హెచ్ సున్నా కాదు, అవధి తీసుకొనేటప్పుడు సున్నాను సమీపిస్తుంది, ఈ రెండు మాటలనూ జవాబులో రాయండి. వర్గమూలానికి సంయుగ్మంతో గుణించాలి. సైన్‌కు సంకలన సూత్రం, పైన చెప్పిన అవధి రెండూ అవసరమవుతాయి.

మాడ్యులస్ ప్రమేయాన్ని మరిచిపోవద్దు. సున్నా దగ్గర కుడివైపు వాలు 1, ఎడమవైపు వాలు మైనస్ 1. రెండూ కలవవు కాబట్టి అక్కడ అవకలజం లేదు, ప్రమేయం అవిచ్ఛిన్నమే అయినా. అవకలనీయత ఉంటే అవిచ్ఛిన్నత ఉండి తీరుతుంది, విపర్యయం నిజం కాదు అన్న వాక్యం పరీక్షలో తరచుగా అడుగుతారు. దానికి ఉదాహరణ ఇదే.

నియమాలలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది శృంఖల నియమం (చెయిన్ రూల్) మీద. ఇక్కడ జలాశయం దగ్గరికి వెళదాం. చెంబరంబాక్కం పూర్తి లోతు 24 అడుగులు, పూర్తి నిల్వ 3,645 మిలియన్ ఘనపుటడుగులు. నీటిమట్టం పెరిగేకొద్దీ నిల్వ పెరుగుతుంది, కానీ ప్రతి అడుగుకూ ఒకే మొత్తం పెరగదు. అడుగున ఇరుకుగా, పైన విశాలంగా ఉండే చెరువులో పై అడుగు ఎక్కువ నీటిని పట్టుకుంటుంది. ఒక మట్టం దగ్గర ఎత్తును బట్టి నిల్వకు వచ్చే అవకలజం అంటే మరేమీ కాదు, ఆ మట్టంలో నీటి ఉపరితల వైశాల్యం. ఆ వైశాల్యం 20 కోట్ల చదరపు అడుగులు అనుకుందాం, బయటికి పోయేది తీసేశాక నికరంగా 500 క్యూసెక్కులు చేరుతున్నాయనుకుందాం. కాలాన్ని బట్టి నిల్వ మారే రేటు 500. అది ఉపరితల వైశాల్యం, మట్టం పెరిగే రేటు అనే రెండింటి లబ్ధం. కాబట్టి మట్టం పెరిగే రేటు 500 బై 20 కోట్లు, అంటే సెకనుకు 0.0000025 అడుగులు; రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 0.216 అడుగులు, సుమారు రెండున్నర అంగుళాలు. కొలతల ప్రమాణాలను కూడా రాసి చూడండి: ఘనపుటడుగులను చదరపు అడుగులతో భాగిస్తే అడుగులు మిగలాలి. ప్రమాణాలు కుదరకపోతే ఎక్కడో నియమం తప్పుగా వాడారని అర్థం.

సగటు విలువ సిద్ధాంతానికి బీచ్ నుంచి తాంబరం వెళ్లే లోకల్ రైలు చక్కగా సరిపోతుంది. దూరం దాదాపు 30 కిలోమీటర్లు. ఒక గంటలో చేరిందనుకుంటే, దారిలో కనీసం ఒక క్షణంలో రైలు వేగం కచ్చితంగా గంటకు 30 కిలోమీటర్లు అయి ఉండాలి. స్టేషన్లలో ఆగినప్పుడు సున్నా, మధ్యలో అంతకంటే చాలా ఎక్కువ. మధ్య విలువను దాటకుండా ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లడం కుదరదు. సిద్ధాంతం రాసేటప్పుడు రెండు షరతులనూ తప్పక పేర్కొనాలి: సంవృతాంతరంలో అవిచ్ఛిన్నత, వివృతాంతరంలో అవకలనీయత. అవకలజం ధనాత్మకమైతే ప్రమేయం ఆరోహణం అని ఇంటర్‌లో ఊరికే ఒప్పుకున్న మాటకు నిరూపణ ఈ సిద్ధాంతం నుంచే వస్తుంది. గరిష్ఠ కనిష్ఠాలలో అవకలజం సున్నా అయిన బిందువులతో పాటు అంతరం చివరి బిందువులనూ, అవకలజం లేని బిందువులనూ పరీక్షించండి. ఇంతకు మించి ఆ అధ్యాయంలో కొత్తదనం లేదు. లెక్కలు చేస్తూ పోవడమే.

నాలుగో మెట్టు: సమాకలనం అంటే కూడిక

ఇంటర్‌లో సమాకలనం అవకలనానికి వెనకడుగుగా పరిచయమవుతుంది, వైశాల్యం తరవాత వస్తుంది. విశ్వవిద్యాలయంలో ఈ వరుసను తిరగెయ్యండి. మొదట కూడిక, తరవాతే వెనకడుగు.

వాన కురిసిన రాత్రి ఒక జలాశయంలోకి ఇన్‌ఫ్లో 200 క్యూసెక్కులతో మొదలై, 24 గంటల్లో ఒకే తీరున పెరిగి 800 క్యూసెక్కులకు చేరిందనుకోండి. ఎన్ని నీళ్లు వచ్చాయి? రేటు ప్రతి క్షణం మారుతోంది కాబట్టి నేరుగా గుణించలేం. రోజును నాలుగేసి గంటల ఆరు ముక్కలు చేద్దాం. ప్రతి ముక్కలో మొదటి రేటు తీసుకుంటే 200, 300 అలా 700 వరకు. సగటు 450, దాన్ని రోజులోని 86,400 సెకన్లతో గుణిస్తే మొత్తం 3.888 కోట్ల ఘనపుటడుగులు. ఇది వచ్చిన నీటి కంటే తప్పకుండా తక్కువ. ప్రతి ముక్కలో చివరి రేటు తీసుకుంటే సగటు 550, మొత్తం 4.752 కోట్లు, ఇది తప్పకుండా ఎక్కువ. నిజమైన మొత్తం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది. ముక్కలను ఇంకా సన్నగా చేస్తే కింది మొత్తం పైకి, పై మొత్తం కిందికి వచ్చి 4.32 కోట్ల దగ్గర కలుస్తాయి. రీమాన్ మొత్తం, ఎగువ మొత్తం, దిగువ మొత్తం అని పుస్తకంలో ఉన్నది ఇదే.

దీన్ని మీ చేత్తో ఎక్స్ వర్గానికి సున్నా నుంచి ఒకటి వరకు చేయండి. పది ముక్కలకు దిగువ మొత్తం 0.285, ఎగువ మొత్తం 0.385 వస్తాయి, వంద ముక్కలకు 0.32835, 0.33835. మొదటి ఎన్ సంఖ్యల వర్గాల మొత్తానికి సూత్రం మీకు తెలుసు. దానితో సాధారణ రూపం రాసి అవధి తీసుకుంటే మూడో వంతు వస్తుంది. ఈ ఒక్క లెక్క పూర్తిగా రాసినవారికి, సమాకలని గుర్తు ఎందుకు సాగదీసిన ఎస్ అక్షరంలా ఉంటుందో, పక్కన డీఎక్స్ ఎందుకు ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు: లైబ్నిజ్ దాన్ని మొత్తం అనే అర్థమిచ్చే లాటిన్ మాట మొదటి అక్షరంగానే ఎంచుకున్నారు, డీఎక్స్ ఆ సన్నని ముక్క వెడల్పు.

అయిదో మెట్టు: మూల సిద్ధాంతం, తరవాత పద్ధతులు

ఇప్పుడు రెండు దారులూ కలుస్తాయి. ఉదయం నుంచి ఏ గంట వరకైనా వచ్చిన నీటి మొత్తాన్ని ఒక ప్రమేయంగా తీసుకుంటే, ఆ మొత్తం పెరిగే రేటు ఆ క్షణంలోని ఇన్‌ఫ్లోనే. ఇది కలన గణిత మూల సిద్ధాంతంలో మొదటి భాగం. ఇన్‌ఫ్లో అవిచ్ఛిన్నంగా ఉండాలన్నది షరతు. రెండో భాగం ప్రకారం, రేటును సమాకలనం చేస్తే నిల్వలో చివరి విలువకూ మొదటి విలువకూ ఉన్న తేడా వస్తుంది. అధికారులు ప్రతి నిమిషం ప్రవాహాన్ని కూడకుండా రెండు ఉదయాల నిల్వలను పోల్చి నికరంగా ఎంత చేరిందో చెప్పగలగడం ఈ రెండో భాగం వల్లే. నిరూపణను అవిచ్ఛిన్నత, సగటు విలువ సిద్ధాంతాల సాయంతో సొంతంగా రాయడం నేర్చుకోండి. మొత్తం సెమిస్టర్‌లో ఒకే ఒక్క నిరూపణ నేర్చుకొనే వీలుంటే నేను దీన్నే ఎంచుకొమ్మంటాను.

ప్రతిక్షేపణ, విభాగ సమాకలనం, పాక్షిక భిన్నాలు ఇంటర్ సాధనతో మీకు బాగానే వస్తాయి, కాబట్టి వీటికి ఎక్కువ సమయం అక్కరలేదు. రెండు విషయాలు మాత్రం పాటించండి. వచ్చిన జవాబును ప్రతిసారీ అవకలనం చేసి సరిచూసుకోండి. నిశ్చిత సమాకలనిలో ప్రతిక్షేపణ చేసినప్పుడు హద్దులను కూడా వెంటనే మార్చండి. ఇంకొక సంగతి ఇంటర్‌లో ఎవరూ చెప్పరు: ప్రతి ప్రమేయానికీ తెలిసిన ప్రమేయాలతో రాయగల సమాకలని ఉండదు. ఈ (e) పవర్ మైనస్ ఎక్స్ వర్గం అలాంటిదే. పద్ధతి దొరకక కాదు, దానికి ఆ రూపంలో జవాబే లేదని నిరూపణ ఉంది.

ఒక ఉచ్చును కూడా ఇక్కడే చూపించాలి. ఒకటి బై ఎక్స్ వర్గాన్ని మైనస్ ఒకటి నుంచి ఒకటి వరకు సూత్రంతో సమాకలనం చేస్తే మైనస్ 2 వస్తుంది. ఎక్కడా రుణాత్మకం కాని ప్రమేయం కింద వైశాల్యం రుణాత్మకంగా ఎలా వస్తుంది? సున్నా దగ్గర ప్రమేయం హద్దు లేకుండా పెరిగిపోతుంది, కాబట్టి మూల సిద్ధాంతం షరతు అక్కడ తప్పింది. సూత్రం పెట్టేముందు అంతరంలో ప్రమేయం అవిచ్ఛిన్నమేనా అని ఒక వాక్యం రాసేవారు ఈ ఉచ్చులో పడరు.

వారం ఎలా గడపాలి

తరగతి జరిగిన రోజు రాత్రే, నోట్స్ మూసి, ఆ రోజు నిర్వచనాలను, సిద్ధాంతాల షరతులను తెల్ల కాగితం మీద రాయండి. తరవాతి రెండు రోజులు లెక్కలు. ఒక్కో రకానికి ముప్పై చేయడం కంటే ఆరు చేసి ప్రతి సమానానికీ పక్కన కారణం రాయడం మేలు. జూనియర్లు వచ్చి, "అన్నా, దీనికి షార్ట్‌కట్ ఏదైనా ఉందా?" అని అడిగినప్పుడు, ముందు పూర్తి దారిలో ఒకసారి నడిచి రా, తరవాత నువ్వే చెబుతావు అనేవాణ్ణి, నిజంగానే చాలామంది వచ్చి చెప్పారు. తప్పుల కోసం వేరే నోటు పుస్తకం పెట్టండి: తప్పు, దాని కారణం, దాన్ని బయటపెట్టే చిన్న సంఖ్యా ఉదాహరణ, ఈ మూడూ అందులో ఉండాలి.

భాష గురించి. పాఠం ఇంగ్లీషులో సాగుతుంది, చుట్టూ తమిళం వినిపిస్తుంది, ఆలోచన తెలుగులో నడుస్తుంది. లిమిట్‌కు అవధి, కంటిన్యుటీకి అవిచ్ఛిన్నత, డెరివేటివ్‌కు అవకలజం, ఇంటిగ్రల్‌కు సమాకలని అని ఎదురెదురుగా రాసిన రెండు పేజీల పట్టిక తయారుచేసుకోండి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి ఇది మొదటి నెలలో ఎంతో ఆసరా. వారానికి ఒకసారి గది మిత్రునికి ఒక నిరూపణను తెలుగులో నోటితో చెప్పి, వెంటనే ఇంగ్లీషులో రాయండి. ఎక్కడ ఆగిపోతారో అక్కడ అర్థం కాలేదని లెక్క.

తరగతిలో తప్పిన పాఠాలకు ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ వీడియోలు ఉచితంగా దొరుకుతాయి. హాస్టల్‌లో సద్దు ఎక్కువైతే కొట్టూర్‌పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో రోజంతా కూర్చొని చదువుకోవచ్చు.

పరీక్షకు రెండు వారాల ముందు పాత ప్రశ్నపత్రం ఒకటి గడియారం పెట్టుకొని పూర్తిగా రాయండి, దాన్ని మరునాడు మరొకరి పేపరు దిద్దినట్టు మీరే దిద్దండి. హాలులో చివరి పదిహేను నిమిషాలు కొత్త ప్రశ్నకు కాకుండా సరిచూడటానికి ఉంచుకోండి: అనిశ్చిత సమాకలనులలో స్థిరరాశి రాశారా, సిద్ధాంతాల షరతులు పేర్కొన్నారా, మాటల లెక్కలలో ప్రమాణాలు కుదిరాయా, ధనాత్మక ప్రమేయానికి రుణాత్మక వైశాల్యం ఎక్కడైనా వచ్చిందా.